పెద్దాయన ఊపిరి

జులై 11, శనివారం

ఆయన తడిసి ముద్దయి వచ్చారు. బ్యాండు మొత్తం తడిసిందట. వాన మొదలవగానే పెళ్ళివాళ్ళు కార్లలో దూరి అద్దాలు ఎత్తేసుకున్నారు, వీళ్ళని మాత్రం వాయిస్తూనే ఉండమన్నారు. తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే దాంతో ముందు సాక్సోఫోన్ తుడిచారు. ఎప్పుడూ ఇంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాకు సవతి అదే. తమాషా ఏంటంటే ఆ సవతికి సింగారం చేసేది నేనే. పాలిష్ పెట్టి, లైనింగ్ గుడ్డతో రుద్ది రుద్ది, మొహం కనిపించేలా మెరిపిస్తాను. రోజంతా మిషన్ మీద కూర్చుని ఊరందరి బట్టలూ కుట్టేదాన్ని, నాకెందుకొచ్చిన ఇత్తడి పనో.

పైపై మెరుగు వరకే నా హక్కు. లోపల వేలు పెట్టనివ్వరు. లోపల పెద్దాయన ఊపిరి ఉందట. పెద్దాయనంటే ఈయన గురువు. పోయేముందు ఈ వాయిద్యాన్ని ఈయన చేతుల్లో పెట్టి వెళ్ళాడు. పెద్దాయన తన జన్మలో దాని లోపల గుడ్డ పెట్టలేదు, ఈయనా పెట్టలేదు. పెడితే నాదం చచ్చిపోతుందని బ్యాండులో అందరి నమ్మకం. డోలు కొట్టేవాడిది కూడా అదే నమ్మకం. వాడి డోలుకి లోపల ఏముందో మరి. ఆ మాటే అంటే ఆయన పకపకా నవ్వారు. నాకు ఆయన నవ్వు ఇష్టం. ఊపిరి ఎక్కువున్న మనిషి కదా, మొదలుపెడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

పెట్టె లోపలి మఖమలు ఇంకా తడిగానే ఉంది. అలాగే మూసి అలమారా మీద పెట్టేశారు.

జులై 27, సోమవారం

దగ్గు. పొడి దగ్గు. ముందు వాన అన్నాం, తర్వాత ఫ్యాను గాలి అన్నాం. రేపు ఇంకేం అంటామో.

ఆగస్టు 2, ఆదివారం, సాయంత్రం

పొద్దున సాధన చేసుకున్నారు, బాగానే ఉన్నారు. సాయంత్రానికి వణుకు, ఒళ్ళునొప్పులు, జ్వరం. దుప్పటి మీద దుప్పటి కప్పాను. నవ్విద్దామని పక్కింటి వాళ్ళ మీద ఏదో జోకు వేశాను. నవ్వారు. ఆ నవ్వు సగంలో దగ్గయిపోయింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నా జోకు నాకే సిగ్గనిపించింది.

ఆగస్టు 3, సోమవారం

తెల్లారేసరికి జ్వరం లేదు. ఏమీ జరగనట్టు లేచి టీ తాగారు. ఇదేం జ్వరమో, డ్యూటీ చేసి వెళ్ళిపోయినట్టు.

ఆగస్టు 10, సోమవారం

మా వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వరండాలో గోడ మీద ఒక పోస్టరు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం. ఇవి ఉంటే టీబీ కావచ్చు, పరీక్ష చేయించుకోండి అని. కూర్చున్నంతసేపూ అదే చదివాను. దగ్గు ఉంది. సాయంత్రం జ్వరం ఉంది. బరువు సంగతి నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఆయన బ్యాండు కోటు నడుం దగ్గర మొన్ననే లోపలికి పట్టాను.

ఒక్క రక్తమే లేదు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన జేబురుమాళ్ళు దొంగతనంగా విప్పి చూస్తున్నాను. వెలుతురు దగ్గర పెట్టి చూస్తున్నాను. కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎర్ర దారం ముక్క చూసినా లేచి వెళ్ళి రుమాలు మళ్ళీ విప్పుతున్నాను.

ఆగస్టు 15, శనివారం

తెమడ పరీక్షలో టీబీ లేదు. రెండుసార్లు చేశారు, రెండుసార్లూ లేదు. వీధిలోనే ఏడ్చేశాను, సంతోషంతో. అయితే మరేంటి అని డాక్టర్ని అడిగితే ఉబ్బసం అయ్యుండొచ్చన్నాడు. ఇన్‌హేలర్ ఇచ్చాడు. అది పీల్చడానికి ఆయనకి నామోషీ. ఒక్క గుక్కలో వీధి ఈ చివర మొదలుపెట్టిన స్వరాన్ని ఆ చివరిదాకా లాగిన మనిషి, అరచేతిలో పట్టే బొమ్మలోంచి గాలి పీల్చుకోవాలి. తలుపు వేసుకుని పీల్చుకుంటున్నారు.

ఆగస్టు 19, బుధవారం

ఉబ్బసం అయితే పిల్లికూతలు వినిపిస్తాయట, ఊపిరి వదులుతున్నప్పుడు ఈల వేసినట్టు. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి చదివి వినిపించింది. దాన్ని అమ్మడు అంటాం, ఈ ఏడు కాలేజీలో చేరింది. ఆయన పడుకున్నాక వీపుకి చెవి ఆనించి విన్నాను. పిల్లీ లేదు, కూతా లేదు. అడుగున ఏదో చిన్నగా చిటచిటమంటోంది, అంతే.

నిద్రలో కదిలి, ఏం చేస్తున్నావని అడిగారు. చొక్కా కొలత అన్నాను.

ఆగస్టు 24

ఇన్‌హేలర్ వల్ల ఏమీ కాలేదు.

ఆగస్టు 30, ఆదివారం

ఇవాళ రెండు పెళ్ళిళ్ళు. వద్దంటే విన్నారా. సీజన్‌లో ఇంట్లో కూర్చుంటే బ్యాండు మాస్టరు ఆ చోట్లో ఇంకొకణ్ణి పెట్టేసుకుంటాడని ఆయన భయం. సాయంత్రం మనిషి వచ్చిన తీరు చూసి కత్తెర పక్కన పడేసి పరిగెత్తాను. గుమ్మం దగ్గరే కూలబడ్డారు. మంచినీళ్ళు అనే మాట ఒక్క ఊపిరిలో అనలేకపోయారు. మంచి అన్నారు, ఆగారు, నీళ్ళు అన్నారు. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది, పక్కటెముకల సందులు కూడా. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళు చూశాను, అవీ అదే రంగు.

అమ్మడు ఆటో తెచ్చింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాం. నెమ్ము అన్నారు. న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు. వేలికి క్లిప్పు తగిలిస్తే ఎర్రగా అంకె కనిపిస్తుంది, అది పడిపోయినప్పుడల్లా కూత పెడుతుంది. రక్తపరీక్ష, ఇంజెక్షన్లు. బల్ల మీద కూర్చుని రాస్తున్నాను, ఎందుకు రాస్తున్నానో తెలియదు. చేతులకి ఏదో ఒక పని కావాలి.

ఆయన పోతే ఎలా? రాసేశాను. రాస్తే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

సెప్టెంబర్ 4, శుక్రవారం

అంకె పెరిగింది. ఆక్సిజన్ తీసేశారు. కారిడార్‌లో అటూ ఇటూ నడిచారు. పక్క బెడ్డు ముసలాయనకి పాత పాటలు ఈలవేసి వినిపించారు, నర్సు వచ్చి కసిరేదాకా. మందు పనిచేసిందన్నారు. ఆ మందు సీసా మీద పేరు చూసి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 6, ఆదివారం

ఇంటికొచ్చాం. ఊపిరితిత్తులు బలపడాలని ఒక ప్లాస్టిక్ ఆటబొమ్మ ఇచ్చారు. మూడు గదులు, మూడు బంతులు. గొట్టంలోంచి పీలిస్తే బంతులు పైకి లేవాలి. రోజూ చేయాలట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంతకన్నా మంచిది నా దగ్గరుంది కదా అన్నారు.

నాకూ నిజమే అనిపించింది. ఊపిరికి కసరత్తే కదా కావాల్సింది. ఆయన ఇంకా కుర్చీ ఎక్కలేరని నేనే ఎక్కి, అలమారా మీంచి పెట్టె దించి, నా చేతులతో నేనే ఇచ్చాను. చిన్న పాటొకటి వాయించారు. మిషన్ ఆపి విన్నాను. పోయిన ప్రాణం ఇంట్లోకి తిరిగొచ్చినట్టుంది.

సాయంత్రం

వణుకు. జ్వరం. మళ్ళీ మొదలు.

సెప్టెంబర్ 9, బుధవారం

అలసటకి వచ్చిన జ్వరమేమో, మానేస్తే కండ బిగుసుకుపోతుందని రోజూ ఇంతో అంతో వాయించమంటున్నాను. బంతులు నిన్న రెండు లేచాయి. ఇవాళ ఒకటే.

సెప్టెంబర్ 17, గురువారం

పెద్దాస్పత్రి. ఊపిరితిత్తుల డాక్టరమ్మ. నాకంటే చిన్నది, కళ్ళజోడు జారిపోతుంటుంది. తొందరపడదు. ముందు ఆయన వేళ్ళు పట్టుకుని గోళ్ళు చూసింది. కాళ్ళు వాచాయేమోనని వేలితో నొక్కి చూసింది, గుంట పడితే గుండె జబ్బు అనుకోవాలట. పడలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతోందా, ఛాతీలో పోటు ఉందా, తెమడ ఏ రంగు, అన్నీ అడిగింది. వీపు మీద స్టెత్ పెట్టి చాలాసేపు విని, తర్వాత అది నా చెవులకి పెట్టింది. వెల్క్రో పట్టీ విప్పుతున్న చప్పుడు! అచ్చం అదే. కుట్టేదాన్ని, నాకు తెలియదా? ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా అడుగున ఎవరో పట్టీ విప్పుతున్నారు. ఈల వినిపిస్తే ఉబ్బసం, ఇది ఈల కాదు అంది.

స్కాన్ తీసింది. నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మసక. మీ ఊపిరితిత్తులకి ఏదో పడటం లేదు, మీరు పీల్చేదాంట్లోనే ఉంది అంది. పావురాలు పెంచుతారా, గోడలకి చెమ్మ ఉందా, ధాన్యం బస్తాల మధ్య పని చేస్తారా, ఏం పని చేస్తారు అని అడిగింది.

అప్పుడు ఆయన అబద్ధం చెప్పారు. పెళ్ళిళ్ళకి బ్యాండు కుదిర్చే పని అన్నారు. ఆఫీసు పని. ఫోన్లు మాట్లాడటం.

ఎందుకో నాకు తెలుసు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఊదడం మానేయమంటారని, ఆ మాట చెవిన పడకూడదంటే చెప్పొద్దని బ్యాండు మాస్టరు ఈయనకి నూరిపోశాడు. పక్కనే కూర్చున్నాను. నోరు తెరిచాను. ఆయన నా మోకాలు మీద చెయ్యి పెట్టారు. మూసేశాను. అది లాగేస్తే ఈ మనిషిలో ఇంకేం మిగులుతుంది అనిపించింది.

నా పని చెప్పాను. కుట్టుపని, ఇంట్లోనే. డాక్టరమ్మ తల ఊపింది. బట్టల నూగు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కొన్నాళ్ళు ఆపి చూడండి అంది.

సెప్టెంబర్ 18

మిషన్ పక్కింటి వరండాలోకి మోయించాను. గుడ్డ కప్పి తాడు కట్టాను. శవాన్ని కట్టినట్టుంది.

సెప్టెంబర్ 30, బుధవారం

గోడలు గీకించి సున్నం వేయించాను. దిండ్లు పారేశాను. పరుపు విప్పి దూది తీసేశాను, ఇప్పుడు చాప మీద పడుకుంటున్నాం. చీపురు వాడటం లేదు, తడిగుడ్డతోనే తుడుస్తున్నాను. అమ్మడు తల్లో రాసుకునే నూనె కూడా మాన్పించాను, దానికి కోపం వచ్చింది. ఇంట్లో దుమ్మనేది లేదు. దుమ్ముతో పాటు పని లేదు, పాట లేదు, నవ్వు లేదు. పొద్దున కాసేపు సాక్సోఫోన్ ఒక్కటే వినిపిస్తుంది. సాయంత్రం వణుకు.

ఇంకేం తీసేయాలి ఈ ఇంట్లోంచి?

అక్టోబర్ 4, ఆదివారం

వదిన వచ్చింది. ఆయనకి అక్క. తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే లబోదిబోమంది. ఆస్పత్రిలో బాగానే ఉన్నాడు, ఈ ఇంట్లో అడుగుపెట్టగానే పడిపోయాడు, అంటే రోగం ఎక్కడుందో కనిపించడం లేదా అంది. నా మొహం చూస్తూనే అంది. నేను రోజూ అనుకుంటున్న మాటే అది.

తనతో తీసుకెళ్తానంది. ఒక బ్యాగులో బట్టలు సర్దాను. ఆయన అలమారా వైపు చూశారు. వదిన ఇంట్లో ఊదొద్దంది, వాళ్ళాయన నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. పెట్టె ఇక్కడే ఉండిపోయింది. ఇద్దరం ఉండిపోయాం, అదీ నేనూ.

అక్టోబర్ 12

ఫోన్‌లో గొంతు బాగుంది.

అక్టోబర్ 18, ఆదివారం

చూడటానికి వెళ్ళాను. బుగ్గలు నిండాయి. మెట్లు దిగి ఎదురొచ్చారు. దిగి! ఆయాసం లేదు. జ్వరం లేదట, వెళ్ళిన నాలుగో నాటి నుంచే లేదట. వాళ్ళ బావగారు ఏదో అంటే నవ్వారు. దగ్గు కొంచెం వచ్చింది, కొంచెమే.

నేను సంతోషించాను. నిజంగానే. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

అక్టోబర్ 25, ఆదివారం

ఈసారి తలస్నానం చేసి, ఎప్పుడూ కట్టని చీర ఉతికి ఆరేసి కట్టుకుని వెళ్ళాను. సబ్బు మార్చాను. పౌడరు లేదు. ఆయనకి దూరంగా, తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. ఏంటి పెళ్ళిచూపులకి వచ్చినట్టు అక్కడ కూర్చున్నావ్ అన్నారు. నా వల్లేనేమో, నా ఒంటి నుంచే ఏదో మీకు పడటం లేదేమో అన్నాను. పిచ్చి మాటలు మాట్లాడకు అన్నారు. లేచి వచ్చి పక్కన మాత్రం కూర్చోలేదు. ఆయనకీ భయమే.

బయల్దేరుతుంటే వదిన వీధి మలుపుదాకా వచ్చింది. మనసులో ఏమీ పెట్టుకోవద్దంది. ఇక ఇక్కడే ఉండనీ, నువ్వు వారానికోసారి వచ్చి చూసిపో, బతికుంటే చాలు కదా అంది. చాలు అన్నాను. బతికుంటే చాలు. నేనింకేం అడిగానని?

నవంబర్ 2

చాలదు.

నవంబర్ 8, ఆదివారం

మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్ళు టేబుల్ అంచు మీద కదులుతూనే ఉన్నాయి. ఏ పాటో కూడా పోల్చుకున్నాను, ఇన్నేళ్ళు విన్నదాన్ని. బ్యాండు మాస్టరు ఆయన చోట్లో ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నాడని ఎవరో చెప్పారట. ఒళ్ళు బాగుపడింది, మనిషి చిక్కిపోతున్నాడు.

నేను దగ్గర ఉండకూడదు, సరే. అదైనా ఉండాలి కదా.

నవంబర్ 11, బుధవారం

పెట్టె దించాను. రెండు గంటలు పాలిష్ పెట్టాను. ఇంతకుముందెప్పుడూ అంత మెరవలేదు. కొత్త లైనింగ్ గుడ్డలో చుట్టాను. వదిన ఒప్పుకుంది, వాళ్ళాయన లేని వేళ వాయించుకోవచ్చంది. కాలేజీకి వెళ్తూ అమ్మడు ఇచ్చి వచ్చింది. నాన్న దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడని చెప్పింది. ఇవాళ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

నవంబర్ 12, గురువారం, సాయంత్రం

వదిన ఫోన్. వణుకు, జ్వరం, పెదాలు నల్లబడ్డాయి. పొద్దుటి నుంచి ఆగకుండా వాయించాడట, ఆత్రం తీరా.

ముందు నాకేం అనిపించిందో రాస్తాను, ఎవరు చదవొచ్చారు? సంతోషం. అక్కడ నేను లేను! నా వల్ల కాదు! ఫోన్ చేతిలో పట్టుకుని, మొగుడికి ఊపిరాడటం లేదంటే, నేను సంతోషించాను. చెప్పులు వేసుకుంటుండగా ఆ సంతోషం ఠక్కున ఆగిపోయింది. నేను లేను. కానీ నేను పంపింది ఉంది.

నవంబర్ 13, శుక్రవారం

పెద్దాస్పత్రి. ఆక్సిజన్. ఈసారి మొహానికి మాస్కు బిగించి కట్టారు.

డాక్టరమ్మ వదినని అడిగింది, నిన్న మీ ఇంట్లోకి కొత్తగా ఏమొచ్చింది అని. ఏమీ రాలేదంది వదిన, ఈవిడ కూడా రాలేదంది, నన్ను చూపించి. అప్పుడు నేను చెప్పాను. అన్నీ చెప్పాను. ఆఫీసు పని కాదని, ఊదే పని అని, లోపల గుడ్డ పెట్టరని, జులైలో వాన అని, పెట్టె తడి అని. ఊపిరికి కసరత్తని నేనే దించి ఇచ్చానని. డాక్టరమ్మ కసురుతుందనుకున్నాను. కసరలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ రోజే నేను ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాల్సింది అంది. తర్వాత, దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి తీసుకురమ్మంది, మాస్కు లేకుండా తెరవొద్దంది.

నవంబర్ 14, శనివారం

డాక్టరమ్మ గది పక్కన సింకు. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఇద్దరం మాస్కులు, గ్లవ్స్. సాక్సోఫోన్ పైన వంపు తిరిగిన మెడ గొట్టం ఊడదీశాను. నా దగ్గర తెల్ల లైనింగ్ గుడ్డ ఉంది, దానికి దారం కట్టి, బరువుకి ఒక బొత్తాం కట్టి, ఈ చివర వదిలి ఆ చివర నుంచి లాగాను.

ఆకుపచ్చా కాదు, నలుపూ కాదు. జిగట. బూజు ముద్దలు ముద్దలుగా వచ్చింది. మాస్కులోంచి కూడా వాసన కొట్టింది, ఎప్పుడో మూసేసిన బావి మూత తీసినట్టు. ఇంకో గుడ్డ లాగాను. అదీ అంతే. ఇంకోటి. పైన నా మొహం కనిపిస్తోంది, అంత మెరుపు. లోపల ఇది. ఎన్నేళ్ళు రుద్దాను నేను! చేతులు నొప్పి పుట్టేలా రుద్దాను!

బూజు అంతకుముందు నుంచే ఉండి ఉండొచ్చు, ఆ వానతో పెరిగి ఉంటుంది అంది డాక్టరమ్మ. ఊదుతూ మధ్యమధ్య ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంత లోపలికి వెళ్ళింది. పొద్దున వాయిస్తే సాయంత్రానికి ఒళ్ళు తిరగబడింది. టీబీ కాదు, ఉబ్బసం కాదు, నెమ్ము కూడా కాదు. నూగు కాదు. నేను కాదు.

పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది, గ్లవ్ తీసి మరీ వేసింది.

నవంబర్ 16, సోమవారం

ఆయన నమ్మలేదు. గుడ్డ చూపించాను, సంచిలో పెట్టి. పెద్దాయన ఊపిరిని లాగేశావా అన్నారు. మాస్కు వెనక నుంచే అన్నారు. పెద్దాయన ఎలా పోయాడో గుర్తుందా అని అడిగాను. ఆఖరి రోజుల్లో ఆయాసపడీ ఆయాసపడీ, నాలుగు మాటలు కలిపి అనలేక పోయాడు. ముసలితనం అనుకున్నారు అందరూ. ఎందుకు పోయాడో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. కానీ అడిగేశాను.

గోడవైపు తిరిగి పడుకున్నారు.

నవంబర్ 21, శనివారం

మాత్రలు పనిచేస్తున్నాయి. స్టెరాయిడ్. మొహం ఉబ్బింది, ఆకలి పెరిగింది. నయమవుతుంది కానీ అడుగున కొంత మచ్చకట్టింది, అది పోదని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ వాయించొచ్చా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేను, ఊపిరితిత్తులు కోలుకోనివ్వండి అంది. కడగకుండా మాత్రం ఎప్పటికీ కాదంది. బ్యాండు మాస్టరు వచ్చి, ఇవన్నీ డాక్టర్ల కథలు అన్నాడు. బయటికి నడవమన్నాను. పోతూ దగ్గాడు వాడు. చచ్చినట్టు పరీక్ష చేయించుకోమని వెనక నుంచి అరిచాను.

డిసెంబర్ 1, మంగళవారం

ఇంటికి. మా ఇంటికి. వదినే తీసుకొచ్చి దింపింది. వెళ్తూ వెళ్తూ మిషన్ పక్కింటి నుంచి తెప్పించుకో, నా పాత జాకెట్లు రెండు వదులు చేయాలి అంది. క్షమించమని అడగడం ఆవిడకి చేతకాదు. ఇదే ఆవిడ క్షమాపణ. తీసుకున్నాను.

డిసెంబర్ 9, బుధవారం

జ్వరం లేదు. దగ్గు తగ్గింది. మనిషి ఉన్నాడు, మాట లేదు. సంచిలో మూతికట్టిన సాక్సోఫోన్ పెరట్లో తాడుకి వేలాడుతోంది. దాన్ని చూడరు. నన్నూ చూడరు. బతికించుకున్నాను, ఏం చేసుకోను ఈ మౌనాన్ని?

డిసెంబర్ 13, ఆదివారం

పెరట్లో నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూస్తే మాస్కు, గ్లవ్స్, డాక్టరమ్మ రాసిచ్చిన మందునీళ్ళ బకెట్టు. ఆయనే. ఒక్కో మీటా విప్పి కడుగుతున్నారు. కడుగుతూ ఏడుస్తున్నారు. పెద్దాయనతో ఏదో అంటున్నారు. నేను గుమ్మం దాటలేదు. తెల్ల గుడ్డలు మాత్రం కత్తిరించి, ఒక్కొక్కటే చాచి అందించాను. ఆఖరిది తెల్లగానే బయటికి వచ్చింది.

డిసెంబర్ 20, ఆదివారం

ఎండలో ఆరింది. నోటి దగ్గర బిగించే రీడు కొత్తది తెప్పించారు. నా చేతికిచ్చి, నువ్వు ఊదు అన్నారు.

ఊదాను. దూడ తప్పిపోయిన గేదె అరిచినట్టు వచ్చింది.

ఆయన నవ్వారు. పకపకా, వీధి చివరిదాకా. నేను దగ్గు కోసం ఆగాను. ఇంకా ఆగాను.

రాలేదు.